పెళ్ళయ్యాక యూరప్: 10 రాత్రులు, 5 దేశాలు, ఇద్దరికీ మొదటిసారి. ప్లాన్ చూసి తిట్టాలనుంటే తిట్టండి

పట్టుకొట్టు_బరంపురం
అందరికీ నమస్కారం. మాఘంలో నా పెళ్ళి. మాది బరంపురంలో పట్టుచీరల షాపు, అమ్మాయిది పర్లాకిమిడి, ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమెకి వేసవి సెలవులు తప్ప వేరే వీలు లేదు, మా అమ్మేమో ఆషాఢం వచ్చేలోపు తిరిగి ఇంట్లో ఉండాలంటోంది, కాబట్టి మే నెలాఖరు, జూన్ మొదటివారం అనుకున్నాం. ఇద్దరం ఇంతవరకు దేశం దాటలేదు. రాత్రుళ్ళు కూర్చుని వీడియోలు చూసి ఇలా రాసుకున్నాను: పారిస్ 2 రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్ 2, ప్రాగ్ 1, ఇంటర్లాకెన్ (స్విట్జర్లాండ్) 2, వెనిస్ 1, రోమ్ 2. రానూపోనూ టికెట్ పారిస్‌కే. ఇద్దరికీ కలిపి 6 లక్షలు దాటకూడదు. ఊళ్ళో ఏజెంటు ప్యాకేజీ అంటున్నాడు, నాకేమో సొంతంగా వెళ్ళాలని ఉంది. వీసా ఏ దేశానికి వెయ్యాలో కూడా తెలీదు. పెద్దలు చెప్పండి.

రాయగడ_రైలుబండి
తమ్ముడూ, ముందుగా శుభాకాంక్షలు. ఇప్పుడు తిట్టు. ఊర్లు లెక్కపెట్టావు, మారడానికి పట్టే టైం లెక్కపెట్టలేదు. పొద్దున్న లేచి పెట్టె సర్ది, గది ఖాళీ చేసి, స్టేషన్ చేరి, రైలెక్కి దిగి, కొత్త హోటల్ వెతుక్కుని, వాడు మూడు గంటలకు గానీ గది ఇవ్వకపోతే సామాను కౌంటర్లో పడేసి, అప్పుడు అన్నం కోసం చూసుకోవాలి. ఊరు మారిన రోజు సాయంత్రం తప్ప ఏమీ మిగలదు. నీ ప్లాన్లో అలాంటివి ఐదు. వెనిస్‌లో ఒక్క రాత్రి అంటే మధ్యాహ్నం దిగి మర్నాడు పొద్దున్న బయల్దేరడమే. ఇక ప్రాగ్ ఉందే, ఆమ్‌స్టర్‌డామ్‌కీ ఇంటర్లాకెన్‌కీ మధ్య దాన్ని ఇరికించడమంటే రాయగడ నుంచి జయపురం పోయేవాడు దారిలో టాటానగర్ చూసి వెళ్దాం అన్నట్టు.

రెండో సంగతి, పారిస్‌లో దిగి రోమ్ దాకా వెళ్ళి మళ్ళీ పారిస్‌కి ఎందుకు రావడం? టికెట్ కొనేచోట మల్టీ సిటీ అని ఉంటుంది. పోవడం పారిస్‌కి, రావడం రోమ్ నుంచి పెట్టు. ధరలో తేడా ఉంటే కొద్దిగా ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు, నీకు మాత్రం ఒక రోజు మిగులుతుంది.

పారిస్, స్విస్, ఇటలీ ఒక వరుసలో ఉన్నాయి. పారిస్ నుంచి బాసెల్ వేగం రైల్లో సుమారు మూడు గంటలు, అక్కడి నుంచి ఇంటర్లాకెన్ రెండు గంటలు. ఇంటర్లాకెన్ నుంచి స్పీజ్ మీదుగా మిలాన్ మూడు గంటలకి కాస్త పైన, మిలాన్ నుంచి రోమ్ ఇంకో మూడు గంటలు. ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్ కొట్టెయ్. మిగిలినదాన్ని కూర్చుని పంచుకో.

గుణుపురం_బండోడు
ఇంత గోల ఎందుకు గురూ, దారింగ్‌బాడీ పోండి. మే నెల్లో కూడా సాయంత్రం చల్లగా ఉంటుంది, వీసా అక్కర్లేదు, పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం అన్నం అక్కడే 😀

పర్లాకిమిడి_అక్క
ఓలమ్మా, మా ఊరి అల్లుడా! అయితే చెప్పాల్సిందే.

అబ్బాయ్, ప్లాన్ నువ్వొక్కడివే రాసుకున్నట్టున్నావు. ఆ పిల్లని అడిగావా? మేము వెళ్ళినప్పుడు మా ఆయనకి ప్రతి టవరూ ఎక్కాలని, నాకేమో ఎక్కడైనా కాసేపు కూర్చోవాలని. హనీమూన్‌కి వెళ్ళి రోజూ పొద్దున్నే ఆరుకి అలారం పెట్టుకుంటే ఏం బాగుంటుంది చెప్పు. మే నెలాఖరున పారిస్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ సూర్యుడు దిగడు, కాబట్టి పొద్దున్న తీరిగ్గా లేచినా చాలా పగలు ఉంటుంది. ఆ సాయంత్రాలు సెన్ నది ఒడ్డున నడుస్తుంటే ఖర్చు సున్నా.

ఇంకొకటి, అదే వారాల్లో పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ జరుగుతుంది. హోటళ్ళు నిండిపోతాయి. రద్దు చేసుకునే వీలున్న గది ఇప్పుడే పట్టి ఉంచు.

జయపురం_మాస్టారు
బాబూ, ఇక్కడ అందరూ సొంతంగా వెళ్ళమనే అంటారు. నేను, మా ఆవిడ ప్యాకేజీలో వెళ్ళాం, హాయిగా ఉంది. బస్సు హోటల్ గుమ్మం దగ్గరికి వస్తుంది, సామాను వాళ్ళే సర్దుతారు, రాత్రికి పప్పు అన్నం పెరుగు దొరుకుతాయి, వీసా కాగితాలు వాళ్ళే చూసుకుంటారు. భాష రాదు, ఎప్పుడూ బయటికి వెళ్ళలేదు, పైగా కొత్త పెళ్ళాం పక్కన ఉండగా ఏదో స్టేషన్లో దారి తెలియక నిలబడితే టెన్షన్. మొదటిసారికి ప్యాకేజీయే మేలని నా అభిప్రాయం.

రాయగడ_రైలుబండి
మాస్టారూ, మీ వయసుకి అది సరిపోయింది, కాదనను. కానీ ఆ బస్సు ప్యాకేజీల్లో హోటల్ ఊరి బయట హైవే పక్కన ఉంటుంది. సాయంత్రం ఆరింటికి అక్కడ దింపేస్తే కొత్త జంట ఏం చేస్తారు, హైవే చూస్తారా? నలభై మందితో బ్రేక్‌ఫాస్టు, ఈఫిల్ దగ్గర ఫోటోకి అరగంట. హనీమూన్ కాదండీ అది, పెళ్ళివారి బస్సు.

జయపురం_మాస్టారు
పెళ్ళివారి బస్సులో సరదా ఉంటుంది బాబూ. అయినా మా గ్రూపులో రెండు కొత్త జంటలు ఉన్నాయి, వాళ్ళేం ఏడవలేదు.

ఛత్రపూర్_టు_మ్యూనిక్
ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, ఏటా మన ఊళ్ళ నుంచి ఎవరో ఒకరు వస్తుంటారు, అందరూ అడిగేవి ఇవే కాబట్టి వరుస లేకుండా రాసేస్తున్నా.

భాష గురించి భయపడకండి. రైలు, మెట్రో, మ్యూజియం అన్నీ ఫోన్లోనే నడుస్తాయి. స్విస్‌లో అక్కడి రైల్వే వాళ్ళ ఎస్‌బీబీ యాప్ ఒక్కటి ఉంటే ప్లాట్‌ఫామ్ నంబరుతో సహా చెబుతుంది. పారిస్‌లో షాపులోకి వెళ్ళగానే బోంజూర్ అనండి, అనకుండా నేరుగా అడిగితే మొహం మాడ్చుకుంటారు, అంతే తేడా.

సిమ్ కొనేటప్పుడు స్విట్జర్లాండ్ కలుస్తుందా లేదా చూడండి. అది యూరోపియన్ యూనియన్‌లో లేదు, చాలా యూరప్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. డబ్బు కూడా వేరే, ఫ్రాంకులు. కార్డు గీసినప్పుడు మెషిన్ మీద రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ ఆ దేశం డబ్బునే నొక్కండి, రూపాయలు నొక్కితే వాడి రేటు వేసి బాదుతాడు. మన డెబిట్ కార్డులకి విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది, బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి. ఇద్దరి దగ్గరా వేర్వేరు కార్డులు ఉండాలి, ఒకే పర్సులో కాదు.

దొంగలు ఉన్నారు. పారిస్ మెట్రోలో, రోమ్‌లో 64వ నంబరు బస్సులో జేబులు జాగ్రత్త. పారిస్‌లో మోంమార్త్ర్ కొండ మెట్ల దగ్గర చేతికి దారం కట్టడానికి వచ్చేవాడు, సంతకం పెట్టమని కాగితం చాపే అమ్మాయిలు, వీళ్ళకి చెయ్యి ఇవ్వకండి, ఆగకండి. మన వాళ్ళు మర్యాదకి ఆగుతారు, అక్కడే దొరికిపోతారు.

కొత్తగా ఇంకొకటి: 2025 అక్టోబర్ 12 నుంచి సరిహద్దులో స్టాంపు బదులు ఫోటో తీసి కంప్యూటర్లో నమోదు చేసే పద్ధతి మొదలుపెట్టారు. క్యూలు పెరిగాయి. దిగిన రోజున టైంకి కట్టుబడాల్సిన టికెట్ ఏదీ కొనకండి.

పట్టుకొట్టు_బరంపురం
అందరికీ థాంక్స్. సరే, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్ తీసేశాను (మనసొప్పలేదు కానీ తీసేశాను). అయితే పారిస్ 3, ఇంటర్లాకెన్ 3, వెనిస్ 1, రోమ్ 3. ఇప్పుడు వీసా ఏ దేశానికి?

లెక్కల_బాబాయ్
అబ్బాయీ, నేను బరంపురంలోనే ఆడిటింగ్ చేస్తాను, వీసా ఫైళ్ళ కోసం వచ్చేవాళ్ళని చూస్తుంటాను, కాబట్టి ఇది నా పని.

షెంగెన్ వీసా ఒకటి చాలు, 29 దేశాలకి చెల్లుతుంది. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటే ఆ దేశానికి వెయ్యాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. నీ లెక్కలో ఫ్రాన్స్ 3, స్విస్ 3, ఇటలీ 4. కాబట్టి ఇటలీ. ఒడిశా చిరునామా వాళ్ళకి ఇటలీ అంటే కోల్‌కతా కాన్సులేట్ కిందకి వస్తుంది, హైదరాబాద్ కాదు. ఇది ముందే చూసుకో.

ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు, దానిపైన దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కంపెనీ సర్వీసు చార్జీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఇచ్చాక 15 రోజుల్లో తేల్చాలని నియమం, కానీ అనుమానం వస్తే 45 రోజుల దాకా లాగొచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు. పెళ్ళి అవ్వగానే వెయ్యి.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

అసలు చిక్కు బ్యాంకు స్టేట్‌మెంట్లో వస్తుంది. మన ఇళ్ళల్లో పెళ్ళి చదివింపులన్నీ ఒకేసారి తెచ్చి ఖాతాలో వేస్తారు. అంతవరకు లక్షా రెండు లక్షలున్న ఖాతాలో హఠాత్తుగా నాలుగైదు లక్షలు నగదు పడితే వీసా ఆఫీసరు ఎవరో అప్పిచ్చి చూపిస్తున్నారనుకుంటాడు. వెయ్యొద్దని కాదు, కవరింగ్ లెటర్లో ఒక పేరా రాసి, శుభలేఖ జతపరచు. షాపు నీ పేరున ఉందా, నాన్నగారి పేరునా?

పట్టుకొట్టు_బరంపురం
నాన్న పేరునే బాబాయ్. నేను కూర్చుంటాను అంతే. నాకు విడిగా రిటర్నులు వేస్తున్నాం, కానీ చిన్న మొత్తాలు.

లెక్కల_బాబాయ్
అయితే నాన్నగారు ఖర్చు భరిస్తున్నట్టు లెటరు, ఆయన మూడేళ్ళ రిటర్నులు, షాపు జీఎస్టీ కాగితాలు, ఆయన స్టేట్‌మెంటు పెట్టు. నీ రిటర్నులూ పెట్టు, ఎంత ఉంటే అంత, దాచొద్దు. అమ్మాయికి స్కూలు నుంచి సెలవు మంజూరు లెటరు, జీతం స్లిప్పులు. పెళ్ళి రిజిస్టర్ చేయించి సర్టిఫికెట్ తీసుకోండి, ఒకరి డబ్బుతో ఇంకొకరు వెళ్తున్నట్టు చూపించేటప్పుడు పనికొస్తుంది.

ఇంకో మాట. ఒకవేళ ప్యాకేజీ వైపే మొగ్గితే వాళ్ళు టీసీఎస్ అని పన్ను పట్టుకుంటారు. అది ఎవరి పాన్ ఇస్తే వాళ్ళ లెక్కలో పడుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. నాన్నగారు డబ్బు కట్టి నీ పాన్ ఇస్తే తర్వాత నా దగ్గరికే వస్తారు, ఇప్పుడే చెబుతున్నా.

గుణుపురం_బండోడు
కోల్‌కతా దాకా ఎందుకు, ఫ్రాన్స్‌లో 5 రాత్రులు ఉన్నట్టు హోటల్ బుకింగులు చూపించి ఫ్రాన్స్ వీసా తీసుకుని తర్వాత క్యాన్సిల్ చేసెయ్. మా ఫ్రెండ్ వాళ్ళ ఏజెంటు అలాగే చేశాడు. ఎవరడుగుతారు.

ఛత్రపూర్_టు_మ్యూనిక్
దయచేసి ఈ సలహా పాటించొద్దు. దిగినప్పుడు ఇమిగ్రేషన్‌లో హోటల్ బుకింగ్ చూపించు అనడం మామూలే. వీసా ఒక దేశానిది, బుకింగులన్నీ ఇంకో దేశానివి అయితే వెనక్కి పంపే అధికారం వాళ్ళకుంది, వీసా రద్దు చేసే అధికారం కూడా. వేలిముద్రలు, వివరాలు ఐదేళ్ళ దాకా వాళ్ళ దగ్గర ఉంటాయి. తర్వాత ఎప్పుడు అప్లై చేసినా ఆ మచ్చ కనబడుతుంది. ప్లాన్ మారితే మారొచ్చు, ఒకటి రెండు రాత్రులు అటూ ఇటూ అయితే ఎవరూ ఏమనరు. మొదటినుంచీ అబద్ధం రాయడం వేరు.

లెక్కల_బాబాయ్
+1. గుణుపురం నాయనా, నువ్వు దారింగ్‌బాడీకే సలహాలివ్వు.

పర్లాకిమిడి_అక్క
పాస్‌పోర్టులో పేర్లు చూసుకున్నారా? మన తెలుగువాళ్ళకి ఇక్కడ పెద్ద తలనొప్పి. సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, కొందరికి చివర రావు అని ఒడియా స్కూల్లో రాసేసి ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో టికెట్ మీద, ఇన్సూరెన్స్ మీద, మ్యూజియం టికెట్ మీద కూడా అలాగే ఉండాలి. అమ్మాయి పాస్‌పోర్టు పుట్టింటి పేరుతో ఉంటే అలాగే ఉంచండి, పెళ్ళయిన వెంటనే పేరు మార్చే హడావిడి వద్దు, వచ్చాక చూసుకోవచ్చు. మా తోటికోడలికి ఇంటిపేరు గడి ఖాళీ ఉండి విమానం టికెట్ బుక్ చెయ్యడానికే రోజంతా పట్టింది.

కాబోయే_కోడలు
నమస్కారం అండీ. ఈ థ్రెడ్ లింకు మా తమ్ముడు పంపించాడు. ఇందులో ఉన్న పర్లాకిమిడి అమ్మాయిని నేనే 🙂

ఏమండీ పట్టుకొట్టు గారూ, ఐదు దేశాల ప్లాన్ నాకు ఎప్పుడూ చూపించలేదు. నాకు చెప్పింది "యూరప్ వెళ్దాం" అని మాత్రమే. అడిగారు కాబట్టి (అక్క అడిగింది, మీరు కాదు) చెబుతున్నా. నేను పిల్లలకి చరిత్ర చెబుతాను. నాకు రోమ్ కావాలి. కొలోసియం ముందు ఫోటో దిగి వచ్చేయడానికి కాదు, ఫోరం శిథిలాల్లో ఒక పూటంతా తిరగాలి. ఫ్లోరెన్స్ కూడా చూడాలి. వెనిస్ లేకపోయినా నాకేం బాధ లేదు. ఈఫిల్ టవర్ ఎక్కకపోయినా పర్వాలేదు, కింద నుంచి చూస్తే చాలు. మంచు మాత్రం జీవితంలో చూడలేదు, అది కావాలి.

గుణుపురం_బండోడు
😀😀😀 అయిపోయింది. అన్న దొరికిపోయాడు.

పట్టుకొట్టు_బరంపురం
చూపిద్దామనే అనుకున్నాను, ఫైనల్ అయ్యాక సర్‌ప్రైజ్ ఇద్దామని. సరే, రోమ్ 4 రాత్రులు చేస్తాను. కానీ వెనిస్ తీసేయడమా? గొండోలా?

రాయగడ_రైలుబండి
కోడలు గారూ, మీరు ముందే వచ్చుంటే మాకు సగం టైపింగ్ తప్పేది.

తమ్ముడూ, వెనిస్ అందమైన ఊరే, కానీ ఒక రాత్రికి వెళ్ళొద్దు. గొండోలా అధికారిక రేటు పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే ఇంకా ఎక్కువ. అది పడవ మొత్తానికి, మనిషికి కాదు, అయినా ఎక్కువే. లోపల తిరిగే నీటి బస్సు టికెట్ 75 నిమిషాలకి తొమ్మిదిన్నర యూరోలు. వంతెనలన్నీ మెట్లే, పెద్ద పెట్టెలు మోసుకుంటూ ఎక్కాలి దిగాలి. పోనీ పగలు చూసి వెళ్ళిపోదామంటే సీజన్లో కొన్ని రోజుల్లో అలా వచ్చేవాళ్ళకి ప్రవేశ రుసుం వేస్తున్నారు. రోమ్‌లో నాలుగు రాత్రులుంటే అక్కడి నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు, పెట్టె కదపక్కర్లేదు. అంటే పారిస్ 3, ఇంటర్లాకెన్ 3, రోమ్ 4. వీసా లెక్క మారదు, ఇటలీయే.

రైలు టికెట్ల సంగతి. విమానాల్లాగే ముందు కొంటే చవక, చివర్లో రెట్టింపు దాటిపోతుంది. పారిస్ బాసెల్, మిలాన్ రోమ్ ఈ రెండూ వీసా వచ్చిన రోజే కొను. రోమ్ ఫ్లోరెన్స్ కూడా వేగం రైలు తీసుకో. మామూలు ప్యాసింజర్ రైలుకి కాగితం టికెట్ కొంటే మాత్రం ఎక్కేముందు స్టేషన్లో మెషిన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా.

ఛత్రపూర్_టు_మ్యూనిక్
మంచు అంటున్నారు కాబట్టి ఇంటర్లాకెన్ నుంచి రైల్లో వెళ్ళే మంచుకొండ యుంగ్‌ఫ్రావ్‌యోక్ గురించి. స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది, 1912లోనే కొండని తొలిచి రైలు వేశారు. మే నెలాఖరున కూడా పైన గట్టి మంచు ఉంటుంది, స్వెటర్ కాదు, జాకెట్టూ మంచి బూట్లూ కావాలి. చాలా ఖరీదు. ముందే కొనేయకండి. పైన కెమెరాలు ఉన్నాయి, ఆ రోజు పొద్దున్న ఫోన్లో చూడండి, మబ్బు కమ్మి ఉంటే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. అందుకే మూడు రాత్రులు ఉండడం మంచిది, ఏదో ఒక పూట తెరిపి ఇస్తుంది. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఆ కొండ పూర్తిగా ఉచితం అనుకుంటారు చాలామంది, కాదు, కొండ మొదలయ్యే ఊరి దాకా ఉచితం, పైకి పావు వంతు తగ్గింపు.

డబ్బు తగ్గించుకోవాలంటే లౌటర్‌బ్రున్నెన్ లోయకి వెళ్ళండి. దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి ఊరి పక్కనే జలపాతం పడుతుంది, చూడడానికి టికెట్ లేదు. బ్రియెంజ్ సరస్సు మీద పడవ ఆ పాస్‌లో కలుస్తుంది. తిండికి కోప్, మిగ్రోస్ అని సూపర్ మార్కెట్లు ఉంటాయి, పెరుగు, బ్రెడ్, పళ్ళు అక్కడ కొనుక్కోండి. కిచెన్ ఉన్న గది తీసుకుంటే ఇంకా మంచిది. రెస్టారెంట్లో ఇద్దరు కూర్చుంటే ఏడుపొస్తుంది. నీళ్ళు కొనొద్దు, స్విస్‌లో కుళాయి నీళ్ళు శుభ్రంగా తాగొచ్చు, రోమ్‌లో కూడా వీధి కుళాయిలు రోజంతా పారుతూనే ఉంటాయి.

జయపురం_మాస్టారు
తిండి మాట వచ్చింది కాబట్టి. అమ్మాయీ, ఇంటి నుంచి ఏం పట్టుకెళ్తున్నారు? మా ఆవిడ కరివేపాకు పొడి, కందిపొడి పట్టుకొచ్చింది, ప్యాకేజీ వాళ్ళ పప్పు కన్నా అదే బాగుంది. (ఈ మాట రైలుబండికి అనుకూలంగా తీసుకోవద్దు.)

పర్లాకిమిడి_అక్క
పొడులు, ఆవకాయ సరే. కానీ అత్తగారు ప్రేమగా ఇచ్చే నెయ్యి, పాలకోవా, ఛెనాపోడా మాత్రం వద్దు. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి అక్కడికి తేకూడదు, పట్టుకుంటే చెత్తబుట్టలో వేస్తారు. ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టొద్దు, నూనె కాబట్టి సెక్యూరిటీలో ఆపేస్తారు. రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. నా పట్టుచీర మీద పడిన మరక ఇంకా పోలేదు, అది కూడా మీ బరంపురం చీరే.

పట్టుకొట్టు_బరంపురం
షాపుకి తీసుకురండి అక్కా, చూద్దాం.

బరంపురం నుంచి ఎలా వెళ్ళాలి? భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ విమానం, అక్కడి నుంచి దుబాయ్ మీదుగా అనుకున్నాను.

రాయగడ_రైలుబండి
విడివిడి టికెట్లు కొంటే సామాను చూసుకో. దేశంలో తిరిగే విమానంలో మామూలుగా 15 కిలోలు, బయటి విమానంలో 23 నుంచి 30. తేడాకి భువనేశ్వర్‌లోనే డబ్బు కట్టించుకుంటారు. నా మాట వింటే ఫలక్‌నుమా ఎక్కు, సాయంత్రం బరంపురంలో ఎక్కితే మర్నాడు పొద్దున్న సికింద్రాబాద్. ఒక రోజు ముందే చేరి ఉండు. మన తీరానికి మే నెల అంటే తుఫాన్ల నెల కూడా, 2019లో ఫణి మే 3న పూరీ దగ్గర తీరం దాటినప్పుడు రైళ్ళు ఎన్ని రద్దయ్యాయో గుర్తుందిగా. విమానం రోజునే ఊరు కదలకూడదు.

కాబోయే_కోడలు
మ్యూజియంలు ముందే బుక్ చెయ్యాలా అండీ? మాకు పారిస్‌లో మంగళవారం ఒకటి పడుతుంది.

ఛత్రపూర్_టు_మ్యూనిక్
మంగళవారం లూవ్ర్ మూత. యూరప్ బయటివాళ్ళకి టికెట్ 2026 జనవరి నుంచి 32 యూరోలు చేశారు, కాబట్టి నిజంగా బొమ్మలు చూడాలనే ఆసక్తి ఉంటేనే కొనండి. నోత్ర్‌దామ్ చర్చిని అగ్నిప్రమాదం తర్వాత 2024 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు, లోపలికి ఉచితం. ఈఫిల్ లిఫ్ట్ టికెట్లు రెండు నెలల ముందు వదులుతారు, తొందరగా అయిపోతాయి. మీరు ఎక్కనన్నారు కాబట్టి మీకు ఆ బాధ లేదు, ఆయనకి మనసు మారితే రెండో అంతస్తు దాకా మెట్లున్నాయి, 674.

రోమ్‌లో వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూత. సెయింట్ పీటర్స్ లోపలికి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. చీర కడితే ఇబ్బందే లేదు. కొలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టు చూపించాలి. మీరు చరిత్ర టీచరు కాబట్టి ఒకటి చెబుతా, ఆ టికెట్లోనే ఫోరం, పాలటైన్ కొండ కూడా కలిసి ఉంటాయి, ఆ పూటకి మూడు గంటలకి తక్కువ పెట్టుకోకండి, నీడ ఉండదు, టోపీ నీళ్ళు ఉండాలి. జూన్ 2 ఇటలీ రిపబ్లిక్ డే. కొలోసియం పక్క రోడ్డు మీదే కవాతు జరుగుతుంది, పొద్దున్న ఆ చుట్టుపక్కల అన్నీ మూసేస్తారు. ఆ రోజు ఫ్లోరెన్స్ పెట్టుకోండి.

పట్టుకొట్టు_బరంపురం
ఇదిగో ఇద్దరం కూర్చుని (ఫోన్లో) ఒప్పుకున్నది: పారిస్ 3, ఇంటర్లాకెన్ 3, రోమ్ 4, జూన్ 2న ఫ్లోరెన్స్. పోవడం పారిస్‌కి, రావడం రోమ్ నుంచి. వీసా ఇటలీ, కోల్‌కతాలో. నూలు, జరీ పని మీద నేను ఎలాగూ కోల్‌కతా వెళ్తుంటాను, ఈసారి ఆమెను కూడా తీసుకెళ్తాను. ఏజెంటుకి వద్దని చెప్పేశాను, మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్ ఇంకోసారి.

జయపురం_మాస్టారు
సరే బాబూ, సొంతంగానే వెళ్ళండి. ఇద్దరి పాస్‌పోర్టు జిరాక్సులు విడిగా ఒక కవర్లో పెట్టుకోండి, ఫోన్లో ఫోటోలు తీసి ఇంటికి కూడా పంపండి. స్విస్ హోటల్ మాత్రం స్టేషన్‌కి దగ్గర్లో తీసుకోండి, కొండల మీద గది బాగుందని ఫోటో చూసి పట్టకండి, పెట్టెలతో ఎక్కలేరు.

లెక్కల_బాబాయ్
బ్యాంకు స్టేట్‌మెంటు ఆన్‌లైన్లో తీసింది కాకుండా బ్రాంచిలో ముద్ర, సంతకం వేయించు. నాన్నగారిదీ, నీదీ, ఆమెదీ మూడూ. ముద్ర వెయ్యడానికి మన బ్రాంచిలో రెండుసార్లు తిప్పుతారు, ఇప్పుడు వాళ్ళెలా ఇస్తారో, ఎంత టైం పడుతుందో కనుక్కుని ఉంచు.

పట్టుకొట్టు_బరంపురం
రేపు పొద్దున్నే బ్యాంకు తలుపు తియ్యగానే వెళ్తాను బాబాయ్.

కాబోయే_కోడలు
రేపు రెండో శనివారం అండీ. సోమవారం వెళ్ళండి.